చాళ్ళ కవచం – నామ విచారం

మానవుడు ఆయుధాన్ని చేపట్టిన నాటి నుండి దాని దెబ్బ తప్పించుకొనే ఉపాయాన్ని కూడా వెదకుతూనే వచ్చాడు. ఐరోపా యోధులు చిరకాలం ఇనుప రింగులను ఒకదానితో ఒకటి పెనవేసి అల్లిన కవచాలను ధరించారు. క్రీ.శ. 14వ శతాబ్దంలో ఆ అల్లికపై ఉక్కు పలకలు చేరసాగాయి. 15వ శతాబ్ది ఆరంభానికి ఆపాదమస్తకం పలకలతో కప్పే సంపూర్ణ కవచం రూపుదిద్దుకొన్నది. యుద్ధంలో ధరించే ఇటువంటి కవచం సాధారణంగా 20 నుండి 25 కిలోల బరువుండేది. ఆ భారం దేహమంతటికీ సర్దుకొనేటట్లు అమర్చడం చేత యోధుడు దానిని ధరించి నడవగలిగేవాడు, గుర్రం ఎక్కగలిగేవాడు.

కవచ నిర్మాణంలో ఇటలీలోని మిలాన్, జర్మనీలోని న్యూరెంబర్గ్, ఆగ్స్‌బర్గ్, ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ నగరాలు ప్రసిద్ధి పొందాయి. ఇటలీ పనివారు నునుపైన, గుండ్రని రూపాన్ని ఇష్టపడ్డారు. 15వ శతాబ్ది ఉత్తరార్ధంలో జర్మన్ పనివారు సన్నని నడుము, కోసుదేలిన అంచులు, విసనకర్ర మడతల వలె విచ్చుకొనే గట్లు గల కవచాలను చేశారు. 16వ శతాబ్ది తొలి దశకాలలో ఇటలీ వారి గుండ్రదనం, జర్మన్ల గట్లు ఒకచోట కలిశాయి. ఆ కలయిక నుండి పుట్టిన శైలినే నేడు ‘మాక్సిమిలియన్ కవచం’ అని పిలుస్తున్నారు.

ఈ కవచాన్ని చూడగానే గుర్తుపట్టవచ్చు. దున్నిన పొలంలోని నాగటి చాళ్ళ వలె దాని రొమ్ము పలకపై, భుజాలపై, తొడలపై దగ్గర దగ్గరగా గట్లు, పల్లాలు బారులు తీరి ఉంటాయి. శిరస్త్రాణపు ముఖకవచం కొన్నింటిలో కొలిమి తిత్తి మడతల వలె కనిపిస్తుంది. పాదాలను కప్పే భాగం ఆనాటి పాదరక్షల తీరున వెడల్పైన మొనతో ఉంటుంది. మోకాలి క్రింది పిక్కల పలకలను మాత్రం సాధారణంగా నునుపుగానే విడిచిపెట్టారు.

ఈ చాళ్ళు కేవలం అలంకారమేనా? ఒక కాగితాన్ని నిలువుగా పట్టుకొంటే అది వంగిపోతుంది. దానినే మడతలు మడతలుగా పెడితే నిటారుగా నిలుస్తుంది. షెడ్ల పైకప్పుకు వాడే రేకులను అలలు అలలుగా వంచడంలోని సూత్రం కూడా ఇదే. ఉక్కు మందం పెంచకుండానే, అనగా బరువు పెరగకుండానే, పలకకు బిగువు చేకూరుతుంది. అదే సమయంలో ఈ గట్లు ఆనాటి ధనికులు ధరించిన కుచ్చిళ్ళ దుస్తులను తలపిస్తాయి. ఈ పోలికను పరాకాష్ఠకు చేర్చిన కవచం ఒకటి వియన్నా మ్యూజియంలో ఉన్నది. 1512–1514 మధ్య కోన్రాడ్ సూసెన్‌హోఫర్ అనే కవచకారుడు బాలుడైన చార్లెస్ రాకుమారుని కోసం దానిని చేశాడు. అందులో నడుము క్రింది ఘేరా అంతా ఉక్కే అయినా, గుడ్డను కుచ్చిళ్ళు పోసినట్లు కనిపిస్తుంది. ఉపయోగం, సౌందర్యం ఒకే సుత్తె దెబ్బలో ఇమిడిపోవడమే ఈ కళలోని విశేషం.

ఈ శైలికి పేరుగా నిలిచిన మొదటి మాక్సిమిలియన్ 1459లో జన్మించాడు. 1508లో పవిత్ర రోమన్ చక్రవర్తి బిరుదాన్ని స్వీకరించి, 1519లో మరణించాడు. కవచకళ పట్ల అతనికి అపారమైన మక్కువ. 1504లో ఇన్స్‌బ్రుక్‌లో ఆస్థాన కవచశాలను నెలకొల్పి, దానికి సూసెన్‌హోఫర్‌ను అధిపతిని చేశాడు. తన కీర్తి మరుగున పడరాదన్న తపనతో తన జీవితాన్ని కథగా మలచిన గ్రంథాలను, చెక్కపై చెక్కిన చిత్రాలను సిద్ధం చేయించాడు. వానిలో ఒక చిత్రం అతడు కవచశాలలో నిలిచి పనివారికి సూచనలిస్తున్న దృశ్యాన్ని చూపుతుంది.

ఐనప్పటికీ ‘మాక్సిమిలియన్ కవచం’ అనే పేరు అతని కాలం నాటిది కాదు. తరువాతి కాలపు పరిశోధకులు, సేకర్తలు సౌలభ్యం కోసం పెట్టుకొన్న పేరు. ఈ పేరు విన్నవారు ఇటువంటి కవచాలన్నీ చక్రవర్తి ధరించినవనో, అతడే రూపకల్పన చేసినవనో భ్రమపడే అవకాశం ఉన్నది. నిజానికి నేడు మిగిలినవానిలో అనేకం ఇతర ప్రభువులకు, యోధులకు చెందినవి. చక్రవర్తి మరణించిన తరువాత కూడా 1530 ప్రాంతం వరకు ఈ తరహా కవచాలు తయారయ్యాయి. పైగా వేర్వేరు కవచాల భాగాలను తరువాతి సేకర్తలు ఒకటిగా కూర్చినవి కూడా వీనిలో ఉన్నాయి. అందువల్ల కొందరు పండితులు ‘చాళ్ళ కవచం’ అనే అర్థమిచ్చే పేరునే వాడుతారు. జర్మన్ భాషలోని ‘రీఫెల్‌హార్నిష్’ అటువంటిదే. అది ఎవరిదో చెప్పదు, ఎలా ఉంటుందో చెబుతుంది.

దీనికి ముందరి జర్మన్ శైలికి ఉన్న ‘గోథిక్’ అనే పేరు మరింత విచిత్రమైనది. గోథులు క్రీ.శ. 5వ శతాబ్దంలో రోమన్ సామ్రాజ్యాన్ని కలచివేసిన జాతి. వారికీ 15వ శతాబ్ది కవచాలకూ నడుమ దాదాపు వెయ్యేళ్ళ దూరం ఉన్నది. మధ్యయుగపు కళను అనాగరికమని ఈసడించిన ఇటలీ పునరుజ్జీవన కాలపు రచయితలు దానిని గోథులకు అంటగట్టారు. కాలక్రమంలో ఆ నింద మరుగై, పేరు మాత్రం గౌరవవాచకంగా మిగిలింది. ఈ విధంగా ఒక పేరు పొగడ్త నుండి, మరొక పేరు తెగడ్త నుండి పుట్టాయి. రెండింటిలోనూ ఆ పలకలను మలచిన చేతుల ప్రసక్తి లేదు.

సాహిత్య చరిత్రలో ‘నన్నయ యుగం’ అంటున్నాము. కాని ఆ పేరు నన్నయ పెట్టుకొన్నది కాదు, తరువాతి చరిత్రకారులు ఇచ్చినది. చదువుకొనేవారికి ఇటువంటి పేర్లు దారి చూపే గుర్తులు. అయితే గుర్తును సాక్ష్యంగా స్వీకరిస్తే చరిత్ర తలక్రిందులవుతుంది. ఒక వస్తువు పేరు తెలిసినప్పుడు ఆ పేరును ఎవరు, ఎప్పుడు, ఎందుకు పెట్టారని కూడా ప్రశ్నించాలి. అప్పుడే చక్రవర్తి పేరు చాటున మరుగుపడిన కొలిమి వెలుగు, దాని ముందు సుత్తె పట్టిన పనివాని నేర్పు కంటికి కనిపిస్తాయి.