గండినుండి తలకోనకు

కార్తీకమాసము వచ్చెననగా మన యిండ్లలో వనభోజనముల ప్రస్తావము వచ్చును. ఉసిరికచెట్టు నీడను విస్తళ్లు పఱచి యందఱును గలసి భుజించుట మన పెద్దలు పెట్టిన యాచారము. ఏడాదికొక దినమైనను గృహిణి పొయ్యి విడిచి చెట్టు నీడను జేరవలెనని వారి తలంపు కాబోలు. ఆ వేడుకను ఊరి తోపుతో ముగింపక కొండలలోనికి గొనిపోయినచో వినోదముతోపాటు విజ్ఞానమును గలుగును.

కడపజిల్లా వేంపల్లెకు గొలది మైళ్ల దూరమున గండిక్షేత్రము కలదు. పాపఘ్నినది పాలకొండలను రెండుగా జీల్చుకొని వచ్చుటచే నా చోటికి గండియని పేరు. శ్రీరాముడు లంకనుండి మరలివచ్చుచు బాణపుమొనతో నిచ్చటి శిలపై నాంజనేయుని రూపము గీసెనని స్థలపురాణము. శ్రావణ శనివారములందు వేలకొలది జనులు స్వామిని దర్శింతురు. వాయుదేవుడు రెండు కొండల నడుమ గట్టిన బంగారుతోరణము మన్రోదొరకు గనబడెననియు, దానిని జూచినవా రెక్కువకాలము బ్రతుకరనియు జనులు చెప్పుకొందురు. ఆ దొర 1827వ సంవత్సరము జూలైలో పత్తికొండయొద్ద గలరాచే మరణించెను.

కర్ణాటకమున నందికొండలలో బుట్టిన పాపఘ్ని యీ గండి దాటి, కడపసీమలోనే పెన్నలో గలియును. అయితే ఏడాదిలో నెక్కువకాలము ఏటిలో నిసుకయే కానవచ్చును. ఇసుకలో జెలమ త్రవ్వి, ఊరిన నీటిని ముంతతో దోడి బిందె నింపుకొనిన స్త్రీలకు నీటి విలువ యొకరు చెప్పనక్కఱలేదు.

గండినుండి రాయచోటి, పీలేరు, భాకరాపేటల మీదుగా బోయినచో మఱియొక దృశ్యము కన్నులబడును. అది శేషాచలపు టడవి. ఇచ్చటి కొంత భాగమును 1989లో శ్రీవేంకటేశ్వర జాతీయవనముగా నేర్పఱచిరి. దాని వైశాల్యము సుమారు 353 చదరపు కిలోమీటరులు. జాతీయవనమనగా చెట్టు నఱకుట, మృగమును వేటాడుట, పసులను మేపుట చట్టముచే నిషేధింపబడిన చోటు. 2010లో శేషాచల ప్రాంతమంతయు జీవావరణ రక్షితప్రదేశముగా బ్రకటింపబడినది.

నెరబైలు దాటి లోనికిబోయిన తలకోనలో సిద్ధేశ్వరాలయమును, దానికి పైగా జలపాతమును గలవు. సుమారు 270 అడుగుల యెత్తునుండి నీరు తెల్లని తెరవలె జాఱును. ఆంధ్రప్రదేశమున నింత యెత్తైన జలపాతము వేఱొకటి లేదు. దారిలో గిల్లతీగ యను మహాలత మ్రానులను బెనవైచుకొని ప్రాకును. దాని కాయలు మూరకు మించిన పొడవుగలవి.

ఈ నీరెక్కడిది? రుబ్బురోటిపై జెంబెడు నీరు పోయుడు, క్షణములో జాఱిపోవును. అదే నీటిని మడతపెట్టిన బట్టపై బోయుడు. బట్ట త్రాగి, మెల్లమెల్లగా బొట్టుబొట్టుగా విడుచును. అడవిలో రాలిన యాకులు, వేళ్లు, మెత్తని మన్ను ఆ బట్టవంటివి. వాన నీరు వానిలో నింకి, రాతినెఱ్ఱెలలో దిగి, వానలు వెలిసిన పిదపను ఊటయై వెలికి వచ్చును. చెట్టు లేని మిట్టపై గురిసిన వాన మన్నును గూడ గడిగికొనిపోవును. కావున అడవిని గాపాడుట మన బిందెను గాపాడుటయే.

ఈ కొండలకు మఱియొక సొత్తు కలదు, అది యెఱ్ఱచందనము. ప్రపంచమున నీ వృక్షము సహజముగా బెరుగునది శేషాచలము, పాలకొండలు మొదలగు తూర్పుకనుమల దక్షిణభాగముననే. తిరుపతినుండి తెచ్చి బొమ్మలకొలువున నుంచు నెఱ్ఱనిబొమ్మలు దీనితో జేయబడినవే. వాపులకు దీనిని సానపై నఱగదీసి పట్టువేయుట మన యమ్మమ్మల వైద్యము. లోపలి చేవ యెఱ్ఱబాఱుటకు దశాబ్దములు పట్టును. గొడ్డలికి గడియ చాలును. దొంగరవాణాచే వేలకొలది చెట్లు కూలినవి. దేశాంతర వ్యాపారముపై 1995లో అంతర్జాతీయ నియంత్రణ వచ్చినను దొంగతనము లాగలేదు. ఇంటికి జందనపు వస్తువు కొనునపుడు అది యెట్లు వచ్చినదో యడిగి, లెక్కచెప్పలేనివాని సొమ్ము నిరాకరించుట గృహిణి చేతిలోని పని.

ఈ యాత్రకు బోవు సోదరీమణులు కొన్ని సంగతులు మనసున నుంచుకొనవలయును. పులిహోర, దద్ధ్యోదనము మున్నగునవి యింటనే సిద్ధముచేసికొని పోవలెను; అడవిలో నిప్పు రాజేయరాదు. ఎండుటాకుపై బడిన యొక్క నిప్పురవ్వ కొండనంతయు గాల్పగలదు. కోతుల కన్నము పెట్టుట పుణ్యమని తలంపరాదు. అలవాటుపడినచో నవి పిల్లల చేతిలోని మూటలను లాగికొనును. తడిసిన బండలు నాచుపట్టి జాఱును గనుక బాలురను మడుగుల దరికి నొంటిగా విడువరాదు. భోజనమునకు విస్తరాకులే గొనిపోయి, ప్లాస్టికు సంచులు మున్నగువాని నొక్కటియు విడువక తిరిగి తేవలెను.

ఉసిరికక్రింద భుజించుట యాచారమైన యింట ఆ యుసిరికను నిలుపుటయు నాచారమే కావలెను. పిల్లలకు గండిలోని యిసుకను, తలకోనలోని ధారను ఒక్క ప్రయాణముననే చూపుడు. అడవి యెందులకను ప్రశ్నకు వారే యుత్తరము చెప్పగలరు.