అమ్మ పేరే ఇంటిపేరు!

"పిన్నీ, ఇక్కడ ఎవర్ని కదిపినా పోపా అంటారు, లేకపోతే పోపెస్కు అంటారు, అదీ కాకపోతే పాప్ అంటారు. వీళ్లంతా ఒకే ఇంటివాళ్లా ఏమిటి?"

మా పక్కింటివాళ్లబ్బాయి ఉద్యోగం కోసం రొమేనియా వెళ్లిన కొత్తల్లో ఫోన్ చేసి అడిగిన ప్రశ్న ఇది. చిన్నప్పటినుంచీ వాడికి ఏ సందేహం వచ్చినా నా దగ్గరికే వస్తాడు. నేను చదివింది ఇంటరే అయినా పుస్తకాల పిచ్చి మాత్రం ఉంది. "కనుక్కుని చెప్తాలేరా" అన్నాను. అన్నాక ఊరుకోలేం కదా! అదీ ఇదీ చదువుతూ పోతే, పోపాల సంగతి తెలియడంతో పాటు మన ఆడవాళ్లం తెలుసుకోవలసిన విషయం కూడా ఒకటి దొరికింది. అది మీకూ చెప్పాలనిపించింది.

రొమేనియా ఎక్కడుందో గుర్తుందా? ఐరోపాలో నల్ల సముద్రం ఒడ్డున. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో 14 ఏళ్ల నాదియా కొమనెచి జిమ్నాస్టిక్స్‌లో పదికి పది తెచ్చుకుంటే, బోర్డు మీద పది వేసే వీలు లేక 1.00 అని చూపించారే, ఆ అమ్మాయి దేశమే అది. 2022లో ఉక్రెయిన్‌లో యుద్ధం మొదలైనప్పుడు అక్కడ చదువుకుంటున్న మన పిల్లలు చాలామంది సరిహద్దు దాటి, ఈ దేశం మీదుగానే ఇంటికి చేరారు.

పూజారిగారి పిల్లలు

'పోపా' అంటే చర్చి పూజారి. మరి పూజారికి పిల్లలేమిటి అంటారా? కాథలిక్ ఫాదర్లు పెళ్లి చేసుకోరు. కానీ రొమేనియాలో ఎక్కువమంది ఆర్థడాక్స్ క్రైస్తవులు. వాళ్లలో పూజారి కాకముందే పెళ్లి చేసుకున్నవాళ్లు సంసారం చేసుకుంటూనే పూజారిగా ఉండవచ్చు. ఊరూరా చర్చి, చర్చికో పూజారి, ఆయన ఇంటినిండా పిల్లలు! ఊళ్లోవాళ్లు ఆ పిల్లల్ని "పూజారిగారి వాళ్లు" అనేవారు. అదే పోపెస్కు అయింది. ఆ దేశంలో అన్నిటికన్నా ఎక్కువగా వినిపించే ఇంటిపేరు పోపా, ఆ తర్వాత పోపెస్కు. కాబట్టి వాళ్లంతా ఒకే ఇంటివాళ్లు కారు. ఒక్కో ఊరి పూజారి సంతానం, అంతే.

చివర వచ్చే ఈ 'ఎస్కు'కి "ఫలానావారి" అని అర్థం. యోన్ అనే ఆయన సంతతి యోనెస్కు. సైన్యంలో చిన్న అధికారిని టర్కీ భాషలో 'చౌష్' అంటారు. ఆ మాటకి ఎస్కు చేరిస్తే చౌషెస్కు. 1989 డిసెంబరులో జనం తిరగబడి దింపేసిన ఆ దేశాధినేత ఇంటిపేరు అదే. ఈ ఎస్కుకి బహువచనం 'ఎష్తి'. అది ఊళ్ల పేర్లలో వస్తుంది. రాజధాని బుకారెస్ట్‌ని వాళ్లు 'బుకురెష్తి' అంటారు. బుకూర్ అనే గొర్రెల కాపరి పేరు మీద ఆ ఊరు వెలిసిందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు.

అన్నట్టు, మనల్ని భయపెట్టిన డ్రాకులా పేరూ ఇలాంటిదే! వ్లాద్ అనే రాజు 1431లో 'డ్రాగన్' పేరున్న వీరుల సంఘంలో చేరాడు. దాంతో ఆయన్ని 'డ్రాకుల్' అన్నారు. ఆయన కొడుకు డ్రాకులా, అంటే "డ్రాకుల్‌గారి అబ్బాయి". రక్తం తాగడం మాత్రం 1897లో ఒక రచయిత నవలలో కల్పించింది.

ఊరు, వృత్తి, వేళాకోళం

పేరు చివర 'యాను' వస్తే అది ఊరినో ప్రాంతాన్నో చెబుతుంది. కొండ ప్రాంతం మనిషి ముంత్యాను, ఓల్త్ నది వైపు మనిషి ఓల్త్యాను, మొల్దోవా వైపు నుంచి వచ్చినవాడు మొల్దొవ్యాను. సొంత ఊళ్లో ఉన్నవాణ్ణి ఎవరూ ఊరి పేరుతో పిలవరు. వేరే చోటికి వలస వెళ్లినప్పుడే "ఫలానా ఊరివాడు" అంటారు. కాబట్టి ఈ పేరు వినగానే ఆ కుటుంబం ఒకప్పుడు ఎక్కడినుంచి కదిలిందో చెప్పేయవచ్చు.

చివర 'ఆరు' వస్తే చాలాసార్లు అది వృత్తి. పిండిమర నడిపేవాడు మొరారు, కుండలు చేసేవాడు ఒలారు, బండి చక్రాలు చేసేవాడు రొతారు, గొర్రెతోలు కోట్లు కుట్టేవాడు కొజొకారు.

ఇక వేళాకోళానికి కూడా లోటు లేదు. పొడుగ్గా ఉంటే లుంగు, ఉంగరాల జుట్టుంటే క్రెత్సు, చెవుడుంటే సుర్దు. ఎప్పుడో ముత్తాతకి చెవుడుంటే, శుభ్రంగా వినిపించే మునిమనవడికీ ఆ పేరు తప్పలేదు పాపం!

బిడ్డ నిలవాలని

ఇక్కడినుంచి కాస్త మనసు పెట్టి చదవండి. అక్కడ స్తాన్, స్తొయికా, స్తోయాన్, స్తనెస్కు అనే ఇంటిపేర్లు చాలా ఎక్కువ. స్లావు భాషల్లో "నిలబడు, ఉండిపో" అనే మాటల నుంచి వచ్చాయివి. మన 'స్థానం', 'స్థిరం' అనే మాటలకి మూలమైన ధాతువూ, దానికి మూలమైన ధాతువూ ఒకటే. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, ఈ బిడ్డయినా నిలవాలని ఆ తల్లులు పెట్టుకున్న పేర్లు ఇవి.

అంతటితో ఆగలేదు. బిడ్డకి జబ్బు చేస్తే, పిల్లలు ఆరోగ్యంగా ఉన్న మరో ఇల్లాలికి ఆ బిడ్డని కిటికీలోంచి 'అమ్మేసి', పేరు మార్చి తెచ్చుకునే ఆచారం ఉండేది. కొత్తగా పెట్టే పేరు లుపు అంటే తోడేలు, లేకపోతే ఉర్సు అంటే ఎలుగుబంటి. ఆ పేరు విని జబ్బు భయపడి పారిపోతుందని నమ్మకం. లుపు, ఉర్సు అనే ఇంటిపేర్లు కొన్ని ఇలా వచ్చినవే.

ఇది చదవగానే నాకు మన ఉత్తరాంధ్ర గుర్తొచ్చింది. అక్కడ బిడ్డని తవుడికి అమ్మి మళ్లీ తెచ్చుకుని తవుడు, తవిటయ్య, తవిటినాయుడు అని పేర్లు పెట్టేవారు కదూ! ఆ దేశం ఎక్కడ, మన ఊళ్లు ఎక్కడ! కడుపుకోతకి భయపడిన తల్లి మాత్రం రెండు చోట్లా ఒకే పని చేసింది.

అసలు సంగతి

ఇంటిపేరంటే తండ్రి వైపుదే అని మనకి అలవాటైపోయింది. రొమేనియాలో కూడా ఎక్కువ అంతే. కానీ ఈశాన్యాన మొల్దోవా ప్రాంతంలో అయొవానెయ్, అమరియెయ్, అయెలెనెయ్, అకత్రినెయ్ అనే ఇంటిపేర్లు కనిపిస్తాయి. మొదట్లో ఉన్న 'అ'కి "ఫలానావారి" అని అర్థం. అమరియెయ్ అంటే "మరియావాళ్లు". అయెలెనెయ్ అంటే "ఎలెనావాళ్లు". మరియా, ఎలెనా, యొవానా, కత్రీనా అందరూ ఆడవాళ్లే!

ఇదెలా జరిగిందంటే, పాతకాలంలో పల్లెల్లో ఇప్పటిలా స్థిరమైన ఇంటిపేర్లు అందరికీ లేవు. ఊరు ఎలా పిలిస్తే అదే పేరు. భర్త చనిపోయిన ఇల్లాలు, పెళ్లి లేకుండా తల్లయిన అమ్మాయి, మగవాడు ఉన్నా ఇంటి బరువంతా మోసే ఇల్లాలు, ఇలాంటి ఇళ్లలోని పిల్లల్ని ఊరు తల్లి పేరుతోనే గుర్తుపట్టేది. తర్వాత 1895లో రొమేనియాలో పేర్ల గురించి ఒక చట్టం చేసి, ఇంటిపేరు స్థిరంగా ఉండాలన్నారు. అప్పటిదాకా జనం నోట్లో ఉన్న పిలుపులే కాగితం మీదికెక్కి, తరతరాలకీ నిలిచిపోయాయి. ఆ మరియా ఎవరో, ఎన్ని కష్టాలు పడిందో ఎవరికీ తెలియదు. కానీ ఆవిడ మునిమనవలు ఈరోజుకీ బ్యాంకులో, బడిలో ఆవిడ పేరే రాసుకుంటున్నారు.

ఇంకో ఇంటిపేరుంది, వదువ. వినగానే మన 'వధువు'లా ఉంది కదూ! కానీ అర్థం విధవ. పోలిక కూడా ఊరికే కాదు. లాటిన్ నుంచి పుట్టిన ఆ భాషలోని వదువ, సంస్కృతం నుంచి మనం తెచ్చుకున్న విధవ, రెండూ ఒకే పాత మాటకి పిల్లలు. లెయొంతీనా వదువ అనే పేరున్న ఒపెరా గాయని దేశదేశాల్లో పెద్ద వేదికల మీద పాడింది. పోస్టర్ల మీద ఆ ఇంటిపేరు దర్జాగా వేశారు. మనమేమో అదే మాటని 'వెధవ' అని తిట్టు చేసుకున్నాం.

ఇది చదివినప్పుడు మా అమ్మమ్మ గుర్తొచ్చి చాలాసేపు ఏ పనీ చేయబుద్ధి కాలేదు. ఇరవై ఏడేళ్లకే తాతయ్య పోయారు. ముగ్గురు పిల్లలు. రెండు గేదెల్ని పెట్టుకుని, పాలమ్మి, అప్పడాలు వత్తి అందర్నీ ఒడ్డున పడేసింది. ఊళ్లో మా అమ్మని ఎవరూ తాతయ్య పేరుతో అనేవారు కాదు, "ఫలానా ఆవిడ కూతురు" అని అమ్మమ్మ పేరే చెప్పేవారు. కానీ బడి రికార్డులో గానీ, పొలం కాగితాల్లో గానీ ఆవిడ పేరు ఎక్కడా ఇంటిపేరు కాలేదు. రొమేనియాలో పుట్టి ఉంటే నేనూ అమ్మమ్మ పేరు రాసుకునేదాన్నేమో!

పెళ్లయితే?

అక్కడ 1954లో అమలుకి వచ్చిన కుటుంబ చట్టం ప్రకారం పెళ్లి చేసుకునేవాళ్లు ముందే చెప్పాలి: ఎవరి ఇంటిపేరు వాళ్లే ఉంచుకుంటారా, ఇద్దరూ ఒకరిది తీసుకుంటారా, రెండూ కలిపి పెట్టుకుంటారా అని. భర్త భార్య ఇంటిపేరు తీసుకున్నా చట్టానికి అభ్యంతరం లేదు. ఇప్పటి చట్టంలోనూ ఈ వీలు ఉంది. చాలామంది ఆడవాళ్లు భర్త పేరే తీసుకుంటారనుకోండి, అది వేరే సంగతి. మన దగ్గర కూడా పెళ్లయితే ఇంటిపేరు మార్చుకోవాలని చట్టంలో ఎక్కడా లేదు. సర్టిఫికెట్లలో ఒక ఇంటిపేరు, ఆధార్‌లో మరొకటి పడి తిప్పలు పడేవాళ్లు మీలోనూ ఉండే ఉంటారు. ఈ సంగతి పెళ్లీడు పిల్లలకి ముందే చెప్పి ఉంచండి.

వాళ్ల 20 లేయ్ నోటు మీద 2021 నుంచి ఎకతెరీనా తెయొదొరొయు బొమ్మ ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికురాలై, 1917లో పోరులో ప్రాణాలు విడిచిన అమ్మాయి. రొమేనియా నోటు మీదికెక్కిన మొదటి మహిళ ఆవిడే. ఆవిడ ఇంటిపేరులో ఉన్న తెయొదోర్ అంటే "దేవుడిచ్చినవాడు" అని అర్థం.

వంటింట్లోంచి వచ్చిన ఇంటిపేర్లు

బుసుయోక్ – మన తులసికి దగ్గరి చుట్టమైన తులసి జాతి మొక్క. జనవరి 6న వచ్చే పండుగకి ముందురోజు రాత్రి పెళ్లికాని అమ్మాయిలు దీని రెమ్మ దిండు కింద పెట్టుకుంటే కాబోయే భర్త కలలోకి వస్తాడట!
మజరె – బఠాణీ.
బ్రిన్జ – చీజ్.
ప్లచింత – లోపల చీజో, గుమ్మడికాయో, ఆపిలో పెట్టి చేసే రొట్టె.

మా పక్కింటి అబ్బాయికి ఇదంతా చెప్పాను. వారం తిరక్కుండా మళ్లీ ఫోన్! "పిన్నీ, మా ఆఫీసులో ఒకావిడ ఇంటిపేరు అమరియెయ్. మరియా ఎవరండీ అని అడిగితే, నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు, ఊరెళ్లినప్పుడు మా నాన్నమ్మని కనుక్కుంటానంది" అన్నాడు.

మీరూ ఈ ఆదివారం తీరిక చూసుకుని ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. ఇంటిపేరు ఎలా వచ్చిందో ఎలాగూ చెబుతారు. దాంతోపాటు అమ్మమ్మ అమ్మ పేరు, నాన్నమ్మ అమ్మ పేరు, వాళ్ల పుట్టిళ్ల ఇంటిపేర్లు కూడా అడిగి డైరీలో రాసి పెట్టుకోండి. చెప్పగలిగినవాళ్లు ఉన్నప్పుడే అడగాలి మరి!