పంచాయతీ వెబ్‌సైటు పనులు - దివ్యాంగుల సౌకర్యము

నేడు పంచాయతీ పని సగము రచ్చబండవద్దను, సగము కంప్యూటరులోను జరుగుచున్నది. 2020 ఏప్రిల్ 24వ తేదీన ఇ-గ్రామస్వరాజ్ ప్రారంభమైనది మొదలు ప్రణాళికలు, జమాఖర్చులు, పనుల ప్రగతి అందు నమోదగుచున్నవి. కార్యదర్శులు, సభ్యులు, మండల కార్యాలయమువారు తీర్మానపు నకళ్ళను, అంచనాలను కంప్యూటరు ద్వారానే పంపుకొనుచున్నారు. ఇట్లు పలువురు కలిసి పనిచేయుచోట చూపులేని ఉద్యోగికిగాని, వినికిడిలేని సభ్యునికిగాని ప్రవేశము లేకున్నచో వారి సంగతి యేమి?

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ప్రభుత్వోద్యోగములలో నూటికి 4కు తక్కువ కాకుండ దివ్యాంగులకు కేటాయింపవలెనని విధించినది. సమాచారము వారికి అందు రూపముననే ఉండవలెననియు ఆ చట్టమే చెప్పుచున్నది. మొదటిది పాటించి రెండవదానిని విడిచినచో, కుర్చీ యిచ్చి కాగితము ఈయనట్లే.

చూపులేనివారు కంప్యూటరును చెవితో చదువుదురు. తెరమీది అక్షరములను బిగ్గరగా చదివి వినిపించు సాధనములు కలవు. వానిలో ఎన్.వి.డి.ఎ. అనునది ఉచితముగా లభించును. దీనిని 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అను అంధుడే ఆరంభించెను. ఇది తెలుగును సైతము చదువగలదు. అయితే దానికి కావలసినది అక్షరము, బొమ్మ కాదు. మనవారు తీర్మానమును టైపు చేసి, ముద్రించి, సంతకములు చేయించి, స్కాను తీసి పంపుదురు. కన్నున్నవానికి అది తీర్మానము. చదువు సాధనమునకు ఉత్త చిత్రపటము. సంతకముల ప్రతితోపాటు మొదట టైపు చేసిన ఫైలును కూడ జతపరచినచో ఈ చిక్కు తీరును. ఇందుకు కానీ ఖర్చు లేదు.

తెలుగునకు మరియొక చిక్కు కలదు. పాత డి.టి.పి. ఫాంటులలో తెరపై తెలుగు కనబడినను, లోపల నిలువయుండునవి ఇంగ్లీషు అక్షరములు, గుర్తులు మాత్రమే. అట్టి ఫైలును చదువుమన్నచో సాధనము అర్థములేని ఇంగ్లీషు ముక్కలను వల్లించును. యూనికోడులో ప్రతి తెలుగు అక్షరమునకును తనదైన సంఖ్య కలదు గనుక ఈ బాధ లేదు. మీ కార్యాలయములో ఏది వాడుచున్నారో తెలిసికొనుట సులభము: ఫైలులోని ఒక వాక్యమును నకలుచేసి ఫోనులోని వాట్సాపులో అతికింపుడు. తెలుగుగానే నిలిచినచో యూనికోడు. పిచ్చిగీతలుగా మారినచో పాత ఫాంటు. పాత ఫాంటులోని పేరును కంప్యూటరులో వెదకుటయు కష్టమే. కావున ఈ మార్పు వలన గుమాస్తాకును మేలే.

ఇక వెబ్‌సైటు సంగతి. మౌసును ప్రక్కనబెట్టి, కీబోర్డులోని ట్యాబ్ మీటను నొక్కుచు పోయి, పత్రమును నింపి పంపగలిగితిరా? లేనిచో చేతులు వణకువారికిని, చూపులేనివారికిని ఆ వెబ్‌సైటు పనికిరాదు. పూర్తియైన పనికి పచ్చ, ఆగినదానికి ఎరుపు అని రంగులతో సరిపుచ్చరాదు. ఆ రెండు రంగులకు భేదము తోచనివారు కలరు. పక్కనే మాటలలో వ్రాయవలెను. వీడియో సమావేశములలో మాటలు అక్షరములుగా తెరపై కనబడునట్లు చేసినచో వినికిడిలేని సభ్యుడు చర్చను అనుసరింపగలడు.

ఇది దయాదాక్షిణ్యముల విషయము కాదు. బ్యాంకు ఖాతాకై కెమెరాయెదుట కన్నులు ఆర్పి చూపుమన్నప్పుడు, ఆమ్లదాడిలో కన్నులు దెబ్బతిన్నవారు ఎట్లు ఆర్పగలరు? అట్టివారును, అంధులును తెచ్చిన వ్యాజ్యములలో 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తీర్పునిచ్చుచు, కంప్యూటరు సేవల అందుబాటు రాజ్యాంగపు 21వ అధికరణములోని జీవించు హక్కునందు అంతర్భాగమని ప్రకటించెను.

పెద్ద వెబ్‌సైటులను పంచాయతీ నిర్మింపదు, నిజమే. కాని అందులోనికి ఎక్కించు కాగితములు మనవే. క్రొత్తగా వెబ్‌సైటు చేయింప నెంచినచో, చదువు సాధనముతోను, కీబోర్డుతోను పనిచేయవలెనను షరతును ఒప్పందములోనే వ్రాయింపుడు. సొమ్ము చెల్లించుటకు ముందు, గ్రామములోని దివ్యాంగులలో కంప్యూటరు తెలిసినవారిచేత ఒకమారు పరీక్షింపజేయుడు.