ఆటుపోట్ల రేవులో పడవ కట్టే పద్ధతి

గోదావరి పాయల దిగువన లంకల్లో ఉండే రైతుకు పడవ ఎడ్లబండితో సమానం. కొబ్బరికాయలు, పచ్చిగడ్డి, ఎరువు బస్తాలు అన్నీ దానిమీదే. అయితే పొద్దున రేవులో కట్టి వెళ్లిన పడవ మధ్యాహ్నానికి ఒక పక్కకు వేలాడుతూనో, సరుకుతో సహా మునిగిపోయో కనిపిస్తుంటుంది. చిల్లు పడిందేమోనని వెతుకుతారు గాని, చాలాసార్లు తప్పు తాడు కట్టిన తీరులోనే ఉంటుంది.

పోటు నుంచి పాటుకు 6 గంటల పైచిలుకు పడుతుంది. అందులో నడిమి 2 గంటల్లోనే దాదాపు సగం నీరు దిగిపోతుంది. పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కనుక నిన్నటి వేళ నేటికి పనికిరాదు. అమావాస్య, పౌర్ణములకూ, ఆ తర్వాత ఒకటి రెండు రోజులూ నీరు బాగా ఎక్కి బాగా దిగుతుంది. అష్టమికి ఆ జోరుండదు.

పడవను గుంజకు దగ్గరగా, పొట్టి తాడుతో బిగించడమే మనవాళ్ల అలవాటు. అదే ముప్పు. నిండు పోటులో 4 అడుగుల తాడు వేశారనుకోండి. నీరు 4 అడుగులు దిగితే ఆ తాడు ఇంకా ఒకటిన్నర అడుగుకు పైగా కావాలంటుంది. లేకపోతే పడవ వేలాడాల్సిందే. అదే 16 అడుగుల తాడును ముందు కొస నుంచి బాగా ముందున్న గుంజకూ, వెనక కొస నుంచి బాగా వెనకున్న గుంజకూ వేస్తే, అర అడుగు వదులు ఇస్తే చాలు. పాటులో కట్టేవాళ్లకు ముప్పు ఇంకో రకం. బిగించి కడితే పోటు వచ్చినప్పుడు తాడు పడవను పైకి లేవనివ్వదు, అంచు మీదుగా నీళ్లు లోపలికి వస్తాయి.

ఈ రెండు తాళ్లే ఉంటే పడవ ముందుకూ వెనక్కూ ఊగుతుంది. ముందు కొస నుంచి వెనక్కు ఒకటి, వెనక కొస నుంచి ముందుకు ఒకటి అడ్డంగా వేస్తే నిలకడ వస్తుంది. పక్కన పాత టైర్లు వేలాడదీయాలి. జెట్టీ అడ్డదూలాల కిందికి పడవ అంచు దూరకుండా చూసుకోవడం మరీ ముఖ్యం. పాటులో దూరిందంటే పోటులో బయటికి రాదు, అక్కడే మునుగుతుంది.

గుంజకు రెండు చుట్లు చుట్టి, పైన రెండు ముళ్లు వేయండి. తాడు బిగిసి ఉన్నా విప్పుకోవచ్చు. గట్టు రాసుకునే చోట గోనెపట్టా చుడితే తాడు తెగదు.

వరద రోజుల్లో ఈ లెక్కలు నమ్మకండి. తుపాను హెచ్చరిక వస్తే పడవను జెట్టీ పక్కన ఉంచకుండా మడచెట్ల మధ్య కాలువలోకి తీసుకుపోవాలి.