సీటు కింద డీజిలు క్యాను

కార్తీకమాసం వస్తే కోనసీమలో యాత్రల సందడి మొదలవుతుంది. అమలాపురం, రాజోలు, కొత్తపేట – ఎక్కడ చూసినా వ్యాన్లు మాట్లాడుకునేవాళ్లే. కొందరు పంచారామాలకు వెళతారు. కొందరు శిరిడీ వెళతారు. ఇంకొందరు కాశీ దాకా వెళతారు. ఆడవాళ్లు ఏడాది పొడుగునా దాచుకున్న డబ్బు ఒకచోట వేసి వ్యాను కుదుర్చుకుంటారు.

ఒక పొదుపు సంఘం ఆడవాళ్లు పన్నెండు మంది కాశీకి బయలుదేరారనుకుందాం. తెల్లవారుజామున వ్యాను వచ్చింది. సామాన్లు ఎక్కిస్తున్నారు. వెనక సీటు కింద రెండు ప్లాస్టిక్ క్యాన్లు కనిపించాయి. ఒకామె అడిగింది.

"ఏం బాబూ, ఈ క్యాన్లలో ఏముంది?"

"డీజిలండి. నలభై లీటర్లు. దూరం వెళ్లాలి కదండీ. నిన్న యానాంలో కొట్టించానండి. అక్కడ చవకండి."

"సీటు కింద పెడితే ప్రమాదం కాదా?"

"ఆయ్, ఏం కాదండి. డీజిలు పెట్రోలు లాంటిది కాదండి."

డ్రైవరు మాటలో కొంత నిజం ఉంది. కొంత పొరపాటు ఉంది. ఏది నిజమో, ఏది పొరపాటో తెలుసుకోవాలి. ఎందుకంటే ఆ క్యాన్ల మీద కూర్చుని వెయ్యి కిలోమీటర్లకు పైగా వెళ్లేది ఆ ఆడవాళ్లే.

అదనపు డీజిలు ఎందుకు?

డ్రైవర్లు అదనంగా డీజిలు పెట్టుకోవడానికి రెండు కారణాలు ఉన్నాయి.

మొదటి కారణం ధర. యానాం మన పక్కనే ఉంది. కాని అది పుదుచ్చేరి పాలనలో ఉంది. అక్కడ పన్ను తక్కువ. అందుకే డీజిలు, పెట్రోలు కొంత చవక. యెదుర్లంక దగ్గర వంతెన దాటితే యానామే. అందుకే చాలామంది అక్కడ కొట్టించుకుంటారు.

లీటరుకు పది రూపాయలు మిగిలిందనుకుందాం. నలభై లీటర్లకు నాలుగు వందలు. పన్నెండు మందికి పంచితే తలకు ముప్పై మూడు రూపాయలు. ముప్పై మూడు రూపాయల కోసం మంటను సీటు కింద పెట్టుకోవాలా? ఈ లెక్క ఎవరికి వాళ్లు వేసుకోవాలి.

రెండో కారణం భయం. దారిలో బంకు దొరకదేమో అని. కొన్ని చోట్ల ఇది నిజమే. హిమాలయాల్లో మనాలి నుంచి లేహ్ వెళ్లే దారి ఉంది. ఆ దారిలో తాండి అనే ఊరు ఉంది. అక్కడి బంకు దగ్గర ఏళ్ల తరబడి ఒక బోర్డు ఉండేది. తరువాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో ఉంది అని దాని మీద రాసి ఉండేది. అలాంటి దారిలో అదనపు డీజిలు అవసరమే. ఎడారులు దాటేవాళ్లు కూడా తీసుకెళతారు.

మరి కాశీ దారి సంగతి ఏమిటి? వ్యాను ట్యాంకులో 60 లీటర్లు పడుతుందనుకుందాం. లీటరుకు పది కిలోమీటర్లు నడిస్తే 600 కిలోమీటర్లు వెళుతుంది. పెద్ద రోడ్డు మీద అంతకు చాలా ముందే బంకులు వస్తాయి. అడవి దారిలో బంకులు దూరం దూరంగా ఉంటాయి. అందుకే అడవిలోకి వెళ్లే ముందు ట్యాంకు నింపుకోవాలి. ట్యాంకు సగానికి వస్తే మళ్లీ కొట్టించాలి. ఈ ఒక్క అలవాటు ఉంటే క్యాన్ల అవసరం ఉండదు.

మండేది ఏమిటి?

డీజిలు, పెట్రోలు ద్రవాలు. నిజానికి మండేది ద్రవం కాదు. దాని నుంచి వచ్చే ఆవిరి. ఆ ఆవిరి గాలిలో కలుస్తుంది. దానికి నిప్పు తగిలితే భగ్గుమంటుంది.

పెట్రోలు చలికాలంలో కూడా ఆవిరవుతూనే ఉంటుంది. ఆ ఆవిరి గాలి కంటే బరువు. అది పైకి పోదు. వ్యాను నేల మీద, సీట్ల కింద పేరుకుంటుంది. చిన్న నిప్పురవ్వ చాలు. డీజిలు అంత తొందరగా ఆవిరి కాదు. డ్రైవరు చెప్పిన దాంట్లో నిజం ఇదే.

కాని డీజిలు వేడెక్కితే ఆవిరి వస్తుంది. అది చీరకో, దుప్పటికో, గోనెసంచికో పీలిస్తే ఆ గుడ్డ దీపం వత్తిలా మండుతుంది. ఇక్కడే డ్రైవరు పొరపాటు పడ్డాడు.

కంటికి కనిపించనిది ఎంత పని చేస్తుందో కోనసీమకు తెలుసు. 2014 జూన్ 27న మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గ్యాసు పైపు నుంచి గ్యాసు బయటికి వచ్చింది. ఊళ్లోకి పాకింది. నిప్పు తగలగానే ఇళ్లు, కొబ్బరి చెట్లు కాలిపోయాయి. ఇరవై మందికి పైగా చనిపోయారు. అది గ్యాసు, ఇది డీజిలు. కాని గాలిలో కలిసినది అంటుకోవడం రెండింటికీ ఒకటే.

డీజిలు మంట ఎలా ఉంటుందో పాలెం చూపించింది. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున ఒక బస్సు బెంగళూరు నుంచి హైదరాబాదు వస్తోంది. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర కల్వర్టును గుద్దింది. డీజిలు ట్యాంకు పగిలింది. బస్సు అంటుకుంది. 45 మంది చనిపోయారు. అక్కడ డీజిలు ఉన్నది గట్టి ట్యాంకులో. సీటు కింద ప్లాస్టిక్ క్యానులో ఉంటే మనుషులకూ మంటకూ మధ్య ఏం అడ్డం ఉంటుంది?

క్యాను, డ్రమ్ము, ట్యాంకు

నిజంగా అవసరమైన చోట అదనపు డీజిలు ఎలా పెట్టాలి?

దీనికోసం తయారు చేసిన ఇనప క్యాన్లు ఉన్నాయి. వాటిని జెర్రీ క్యాన్లు అంటారు. 1930ల్లో జర్మనీ వాళ్లు సైన్యం కోసం వీటిని చేశారు. ఒక్కో దాంట్లో 20 లీటర్లు పడుతుంది. మూత గట్టిగా బిగుస్తుంది. మూడు పిడులు ఉంటాయి. ఇద్దరు కలిసి మోయవచ్చు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇంగ్లీషు వాళ్లు కూడా అలాంటివే చేసుకున్నారు. జర్మన్లను వాళ్లు జెర్రీలు అనేవాళ్లు. అందుకే ఆ పేరు వచ్చింది.

క్యానును అంచు దాకా నింపకూడదు. ఎండకు డీజిలు పొంగుతుంది. కొంచెం ఖాళీ ఉంచాలి. నింపేటప్పుడు క్యానును వ్యానులో ఉంచకూడదు. కిందికి దించి నేల మీద పెట్టి నింపాలి. నింపిన క్యానును మనుషులు కూర్చునే చోట పెట్టకూడదు. బయట, కదలకుండా కట్టాలి.

ఇంకో పద్ధతి రెండో ట్యాంకు. దీన్ని వ్యాను కింద, ఇనప చట్రానికి బిగిస్తారు. పొగగొట్టం వేడిగా ఉంటుంది కాబట్టి దానికి దూరంగా పెట్టాలి. వెనక నుంచి ఏదైనా బండి గుద్దినా తగలని చోట పెట్టాలి. లోపల అడ్డు పలకలు ఉండాలి. లేకపోతే మలుపుల్లో డీజిలు ఒక పక్కకు ఊగి బండిని లాగేస్తుంది. ఆవిరి బయటికి పోవడానికి గాలి గొట్టం ఉండాలి.

బరువు సంగతి కూడా చూడాలి. వంద లీటర్ల డీజిలు ఎనభై కిలోల పైన ఉంటుంది. అంటే ఇంకో మనిషి ఎక్కినట్టే.

ఈ పని ఏ వెల్డింగు షాపులోనో చేయించేది కాదు. మోటారు వాహనాల చట్టం 1988లో వచ్చింది. కంపెనీ చేసిన బండిని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదని అందులో 52వ సెక్షను చెబుతుంది. ట్యాంకు పెట్టించే ముందు రవాణా శాఖ ఆఫీసులో అడగాలి. ఇన్సూరెన్సు వాళ్లకు కూడా చెప్పాలి.

వ్యానులో పొయ్యి

యాత్రకు వెళ్లేవాళ్లు గ్యాసు బండ, పొయ్యి కూడా తీసుకెళతారు. 2023 ఆగస్టు 26న మదురైలో ఆగి ఉన్న యాత్రికుల రైలుపెట్టె అంటుకుంది. యాత్రికులు లోపలికి గ్యాసు బండ తెచ్చుకున్నారు. తొమ్మిది మంది చనిపోయారు. వంట ఎప్పుడూ బండికి దూరంగా, బయట చేయాలి. వ్యానులో పొయ్యి వెలిగించకూడదు. అగరుబత్తి, దీపం కూడా వద్దు.

కొందరు క్లీనర్లు గొట్టాన్ని నోట్లో పెట్టుకుని డీజిలు పీల్చి తీస్తారు. ఇది చాలా ప్రమాదం. డీజిలు ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. ఎవరైనా మింగితే వాంతి చేయించకూడదు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

డీజిలు అంటుకుంటే నీళ్లు పోయకూడదు. డీజిలు నీటి మీద తేలుతుంది. మంట ఇంకా పాకుతుంది. ఇసుక గాని మట్టి గాని చల్లాలి. మంట పెద్దదైతే ఆర్పబోకుండా అందరూ దిగి దూరంగా వెళ్లాలి.

ఆ ఆడవాళ్లు ఏం చేశారు?

ఆ పన్నెండు మందిలో ఒకామె ఈమధ్యే చదవడం నేర్చుకుంది. ఆమె క్యాను మీద అక్షరాలు కూడబలుక్కుని చదివింది. "వం-ట-నూ-నె" అని ఉంది.

"ఇది వంటనూనె క్యాను బాబూ. డీజిలు పోసేది కాదు" అంది.

డ్రైవరు ఏమీ అనలేకపోయాడు. అందరూ కలిసి ఒక మాట చెప్పారు. "ట్యాంకులో ఎంత పడితే అంత పొయ్యి. మిగిలింది ఇక్కడే దించెయ్యి. దారిలో కొట్టించుకుందాం. ఆ ముప్పై రూపాయలు మేం ఇస్తాం."

క్యాన్లు దిగాయి. తరువాత ఆమె వ్యాను వెనక తలుపు తీయించి చూసింది. తలుపు తేలిగ్గా తెరుచుకుంది. అప్పుడు ఎక్కి కూర్చుంది.

వ్యానుకు డబ్బు ఇచ్చేది ఎక్కేవాళ్లే. కాబట్టి అడిగే హక్కు వాళ్లకు ఉంది. అడిగినందుకు సిగ్గుపడక్కర్లేదు.

ఆలోచించండి, చెప్పండి

1. డీజిలు మండేటప్పుడు నీళ్లు ఎందుకు పోయకూడదు?

2. క్యానును అంచు దాకా ఎందుకు నింపకూడదు?

3. మీ ఊరి నుంచి ఈసారి వ్యాను బయలుదేరితే, ఎక్కే ముందు డ్రైవరును ఏమేం అడుగుతారు?