ఫొటో వెంట వెళ్ళవలసిన చీటీ

మార్కాపురం అనగానే పెద్దవాళ్ళకు పలకలు గుర్తుకొస్తాయి. అక్కడి నేలలో దొరికే నల్లరాతిని పలుచగా చీల్చి, చుట్టూ చెక్క చట్రం బిగించి బడిపిల్లలకోసం ఊరూరా పంపేవారు. పలక మీద పేరు ఎక్కడ రాసుకునేవారో మీ తాతగారిని గాని, అమ్మమ్మగారిని గాని అడిగి చూడండి. రాతి మీద మాత్రం రాసుకునేవారు కాదు. అక్కడ బలపంతో రాసినది తడిగుడ్డ తగిలితే పోతుంది. అందుకే చెక్క చట్రం మీద మేకుతో గీకి రాసుకునేవారు. పలక ఎవరి చేతికి వెళ్ళినా పేరు దాని వెంటే వెళ్ళేది.

ఇప్పుడు మీ చేతిలోకి ఫోను వచ్చింది. ఫొటో తీస్తారు, క్షణంలో పదిమందికి పంపుతారు. వాళ్ళు మరో వందమందికి పంపుతారు. మరి ఈ ఫొటోకు చట్రం ఏది? అది ఎవరిదో, దాన్ని ఎవరెవరు ఎలా వాడుకోవచ్చో ఎక్కడ రాసి ఉంటుంది?

ఒక ఉదాహరణ తీసుకుందాం. మీరు ఒక సాయంకాలం కంభం చెరువు కట్ట మీద నిలబడి ఫొటో తీశారనుకోండి. కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డకట్ట వేసి, విజయనగర రాజుల కాలంలో కట్టిన చెరువది. 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడాలలో ఒకటిగా దానికి గుర్తింపు వచ్చింది. ఎక్కడో దూరదేశంలో పాతకాలపు చెరువుల గురించి పుస్తకం రాస్తున్న ఒకాయన మీ ఫొటో చూసి ముచ్చటపడ్డాడు. దాన్ని తన పుస్తకంలో వేసుకోవచ్చా?

మిమ్మల్ని అడగకుండా వేసుకోకూడదు. మన దేశంలో 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం, ఫొటో తీసిన క్షణంలోనే దానిపై హక్కు మీకు వచ్చేస్తుంది. దరఖాస్తు పెట్టనక్కరలేదు, రుసుము కట్టనక్కరలేదు. 2012లో చట్టాన్ని సవరించిన తరువాత, ఈ హక్కు ఫొటో తీసినవారు బ్రతికినంతకాలమూ, ఆ తరువాత మరో 60 సంవత్సరాలూ ఉంటుంది. లెక్క వేయండి. మీకిప్పుడు 14 ఏళ్ళు, మీరు 80 ఏళ్ళు బ్రతికారనుకుంటే, ఆ ఒక్క ఫొటో సుమారు 126 సంవత్సరాలపాటు తాళం వేసిన పెట్టెలో ఉన్నట్టే! చదువులకూ విమర్శలకూ చట్టం కొన్ని మినహాయింపులు ఇచ్చిన మాట నిజమే. కాని పుస్తకం అచ్చువేసేవారికి అవి అన్నివేళలా సరిపోవు. పాపం, ఆయన మిమ్మల్ని అడుగుదామన్నా మీ చిరునామా ఆయనకు తెలియదు.

ఈ చిక్కు విప్పటానికే 2001లో అమెరికాలో క్రియేటివ్ కామన్స్ అనే సంస్థ ఏర్పడింది. 2002 డిసెంబరులో అది మొదటి లైసెన్సులను విడుదల చేసింది. లైసెన్సు అంటే ఇక్కడ సర్కారువారి అనుమతి పత్రం కాదు. "నా ఫొటోను మీరు వాడుకోవచ్చు, షరతులు ఇవి" అని హక్కుదారు ముందుగానే లోకానికంతటికీ రాసిపెట్టే చీటీ అన్నమాట. షరతులకు చిన్న చిన్న గుర్తులున్నాయి. వలయంలో మనిషి బొమ్మ ఉంటే, తీసినవారి పేరు చెప్పాలని అర్థం. వలయంలో తిరిగే బాణం ఉంటే, ఈ ఫొటోను మార్చి కొత్తది తయారుచేసినవారు దాన్ని కూడా ఇదే షరతుతో పంచుకోవాలి. డాలరు గుర్తును కొట్టివేసి ఉంటే వ్యాపారానికి వాడకూడదు. సమానం గుర్తు ఉంటే మార్పులు చేసిన దాన్ని ఇతరులకు పంచకూడదు. వీటిని రకరకాలుగా కలిపితే ఆరు లైసెన్సులు అవుతాయి. ఇవికాక, "నాకే షరతూ లేదు" అని పూర్తిగా వదిలివేసే సీసీ సున్నా అనే పద్ధతి ఒకటుంది.

ఇక్కడొక ముఖ్యమైన సంగతి. ఈ చీటీ ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోవటానికి వీలులేదు. రేపు మనసు మార్చుకుని మీ ఫొటోను తొలగించినా, అంతకు ముందే తీసుకున్నవారు షరతులు పాటించినంతకాలం వాడుకుంటూనే ఉండవచ్చు. కనుక మీట నొక్కే ముందు మీకేమి తెలిసింది అన్నదే అసలు ప్రశ్న. ఆ తెలియజెప్పే బాధ్యత చాలావరకు యాప్ తయారుచేసినవారి మీద ఉంటుంది.

ఈ పని సరిగా జరగకపోతే ఏమవుతుందో 2014లో తెలిసింది. ఫ్లికర్ అనే ఫొటోల వేదికలో ఎంతోమంది తమ చిత్రాలను స్వేచ్ఛా లైసెన్సులతో పెట్టారు. ఆ ఏడాది నవంబరులో ఆ సంస్థ, వ్యాపారానికి అనుమతి ఉన్న అలాంటి ఫొటోలను గోడకు తగిలించుకునే పటాలుగా అచ్చువేసి అమ్మటం మొదలుపెట్టింది. లైసెన్సు ప్రకారం చూస్తే తప్పులేదు. కాని ఫొటోలు పెట్టినవారిలో చాలామంది తెల్లబోయారు. తాము ఒప్పుకున్నదానిలో ఇది కూడా ఉందని వారెన్నడూ అనుకోలేదు! గొడవ పెరిగి, డిసెంబరులో సంస్థ క్షమాపణ చెప్పి ఆ అమ్మకం ఆపేసింది. చట్టం ఒప్పుకున్నదీ మనిషి అర్థం చేసుకున్నదీ వేరువేరు కావటమే ఆ గొడవకు మూలం.

ఇప్పుడు వికీమీడియా కామన్స్ సంగతి చూడండి. తెలుగు వికీపీడియాలో మీరు చూసే బొమ్మలలో చాలా భాగం అక్కడివే. 2004లో మొదలైన ఈ భాండాగారంలో నేడు 10 కోట్లకు పైగా దస్త్రాలున్నాయి. ఆండ్రాయిడ్ ఫోనులకు దీని యాప్ ఉంది. స్వచ్ఛందంగా పనిచేసేవారు దాన్ని నడుపుతున్నారు. మొదటిసారి తెరవగానే ఎలాంటి ఫొటోలు పెట్టవచ్చో, ఎలాంటివి పెట్టకూడదో చూపిస్తుంది. ఫొటో ఎక్కించే ముందు లైసెన్సు ఎంచుకోమంటుంది. వ్యాపారం వద్దు, మార్పులు వద్దు అనే షరతులున్న లైసెన్సులు ఆ జాబితాలో ఉండనే ఉండవు. కామన్స్‌లో చేరే ప్రతి చిత్రమూ అందరికీ, అన్ని పనులకూ ఉపయోగపడాలన్నది వారి నియమం. ఇది మీకు నచ్చకపోతే మానుకోవచ్చు. తెలిసి మానుకోవటం వేరు, తెలియక ఒప్పుకోవటం వేరు.

అయితే "స్పష్టంగా చూపించటం" అంటే ఏమిటి? ఫోను తెర మన అరచేయంత. లైసెన్సు పూర్తి పాఠమో పేజీలకు పేజీలు. దాన్నంతా తెరమీద పరిస్తే ఎవరూ చదవరు. అందుకే క్రియేటివ్ కామన్స్‌వారు ప్రతి లైసెన్సునూ మూడు రూపాలలో ఇస్తారు. న్యాయవాదుల కోసం పూర్తి పాఠం, మనబోటివారి కోసం ఒక పేజీ సారాంశం, కంప్యూటర్లు చదువుకోవటానికి ఒక సంకేత రూపం. యాప్ చేయవలసింది, ఆ సారాంశాన్ని కూడా రెండు మూడు తెలుగు మాటలకు కుదించి ఫొటో పక్కనే పెట్టడం. ఉత్త గుర్తులు చాలవు. తిరిగే బాణాన్ని చూసి "ఫొటోను తిప్పే మీట కాబోలు" అనుకునేవారు లేకపోలేదు!

ఎక్కడ పెట్టాలన్నదానిలో కొంచెం లెక్క ఉంది. కొన్ని యాప్‌లలో ఈ వివరాన్ని ఫొటో మీదనే తెల్లని అక్షరాలతో వేస్తారు. కంభం చెరువు ఫొటోలో వెలుగు నిండిన ఆకాశం ఉంటే అది కనిపిస్తుందా? వెలుగు కొలతలో తెలుపును 1 అనీ నలుపును 0 అనీ అనుకోండి. అక్షరం వెలుగుకూ వెనుకనున్న రంగు వెలుగుకూ చెరొక 0.05 కలిపి, పెద్దదాన్ని చిన్నదానితో భాగించాలి. తెలుపు మీద నలుపైతే 1.05ను 0.05తో భాగించగా 21 వస్తుంది. ఇంతకన్నా ఎక్కువ రాదు. మామూలు అక్షరాలకు కనీసం 4.5 ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం. ఆకాశం వెలుగు 0.7 అయితే, తెల్లని అక్షరానికి 1.05ను 0.75తో భాగించాలి. వచ్చేది 1.4 మాత్రమే. ఇక చూపు మందగించిన తాతగారి మాటేమిటి? కాబట్టి ఫొటో మీద కాదు, ఫొటో కింద వేరే పట్టీలో వేయటం మేలు. ఆ పట్టీని వేలితో తాకితే సారాంశం తెరుచుకోవాలి. వేలికి అందాలంటే అది సుమారు 9 మిల్లీమీటర్లయినా ఉండాలి.

ఇంతచేసినా ఒక చిక్కు మిగిలే ఉంటుంది. పట్టీ యాప్‌లో ఉంది, ఫొటోలో లేదు. ఫొటోను దించుకుని మరొకరికి పంపితే పట్టీ ఇక్కడే ఉండిపోతుంది. దీనికి విరుగుడు ఫొటో దస్త్రం లోపలే పేరు, లైసెన్సు రాసిపెట్టటం. దీన్ని మెటాడేటా అంటారు. తీసిన తేదీ, కెమెరా పేరు కూడా అందులోనే ఉంటాయి. కాని వాట్సాప్ వంటివి ఫొటోను కుదించి పంపేటప్పుడు ఈ రాతను చెరిపేస్తాయి. మళ్ళీ పలక, తడిగుడ్డ కథే! అందుకే మంచి యాప్ ఫొటోను దించుకునేవారికి "కంభం చెరువు, ఫొటో ఫలానావారు, వికీమీడియా కామన్స్, సీసీ బీవై-ఎస్ఏ 4.0" అన్న వరుసను కూడా నకలు తీసుకోవటానికి వీలుగా అందించాలి. పేరు వేయటం మరిచిపోయినవారికి ఈ 4.0 లైసెన్సు ఒక అవకాశం ఇస్తుంది. తప్పు తెలిసిన 30 రోజులలోగా దిద్దుకుంటే, పోయిన అనుమతి తిరిగి వస్తుంది.

మెటాడేటా అంతా మంచిదే అనుకోకండి. ఫొటో తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలు కూడా దానిలో చేరవచ్చు. నంద్యాలకూ గిద్దలూరుకూ నడుమ అడవిలో లోహంలా మెరిసే నీలిరంగు సాలీడు ఒకటుంది. 1899లో శాస్త్రజ్ఞులు దాన్ని మొదటిసారి వర్ణించారు. మళ్ళీ 2001లో గాని అది కనబడలేదు. అంతరించిపోయే ప్రమాదం తీవ్రంగా ఉన్న ప్రాణి. పెంచుకునేవారికి అమ్మటానికి పట్టుకుపోయేవాళ్ళూ ఉన్నారు. దాని ఫొటోకు మీరెంత ఉదారమైన లైసెన్సు ఇచ్చినా ఫరవాలేదు, దాని చెట్టు ఎక్కడుందో మాత్రం లోకానికి చెప్పకండి. కామన్స్ యాప్ సెట్టింగులలో ఇటువంటి వివరాలను తొలగించే ఏర్పాటు ఉంది.

మనుషుల ఫొటోలకూ ఇలాంటి జాగ్రత్త కావాలి. 2007లో ఆస్ట్రేలియాలో ఒక ఫోను కంపెనీ, స్వేచ్ఛా లైసెన్సుతో ఉన్న ఫొటోను తన ప్రకటనలో వేసింది. అందులో ఉన్నది అమెరికాకు చెందిన ఒక బడిపిల్ల. ఆమె ఇంటివారు కోర్టుకు వెళ్ళారు. లైసెన్సు ఇచ్చింది ఫొటో తీసినవారు. ఫొటోలో ఉన్న అమ్మాయిని ఎవరూ అడగనేలేదు. మీ నేస్తాల ముఖాలు కనిపించే ఫొటోలు పెట్టేముందు వాళ్ళనూ, ఇంట్లో పెద్దలనూ అడగండి.

చేసి చూడండి: మీ ఊరి గుడి గోపురాన్నో, బడి ఆవరణలోని చెట్టునో ఫొటో తీయండి. దాన్ని మీ స్నేహితునికి వాట్సాప్‌లో ఒకసారి మామూలు ఫొటోగా, మరొకసారి డాక్యుమెంటుగా పంపండి. అతని ఫోనులో రెండింటి వివరాలూ తెరిచి పక్కపక్కన పెట్టి పోల్చండి. దేనిలో ఏ రాత మిగిలిందో, ఏది చెరిగిపోయిందో ఒక కాగితం మీద వరుసగా రాయండి.