యంత్రాల అరుగుదలకు ‘మందు’ సీసాలు: మిల్లుదారులు గమనించవలసిన విషయాలు

సీజను మధ్యలో మిల్లు ఒక్క రోజు ఆగితే కలిగే నష్టం మిల్లుదారులకు వేరే చెప్పనక్కరలేదు. ఆడించవలసిన ధాన్యం ఆవరణలోనే నిలిచిపోతుంది, హమాలీలకు పని ఉండదు, బ్యాంకు వడ్డీ మాత్రం ఆగదు. ఇందుకు తరచుగా కారణం ఒక బేరింగో, ఒక గన్‌మెటల్ బుష్షో, గేరుబాక్సులో ఒక పళ్లచక్రమో అరిగిపోవడమే. ఈ భయాన్ని ఆసరా చేసుకొని, నూనెలో ఒక సీసా కలిపితే చాలు, అరుగుదలే ఉండదంటూ అమ్మే అడిటివ్‌లు బజారులో అనేకం ఉన్నాయి. ఇవి చేసే పని ఏమిటి, వీటిపై డబ్బు పెట్టడం లాభమా అన్నది పరిశీలించదగ్గ విషయం.

రాపిడి ఖరీదు

రాపిడి వల్ల కలిగే నష్టం చిన్నది కాదు. కందెనల విషయంలో తగిన శ్రద్ధ తీసుకుంటే బ్రిటన్ పరిశ్రమలకు ఏటా 51 కోట్ల 50 లక్షల పౌన్లు ఆదా కాగలవని 1966లో ఆ దేశంలో పీటర్ జోస్ట్ సంఘం అంచనా వేసింది. ప్రపంచం వాడుకునే మొత్తం శక్తిలో సుమారు 20 శాతం రాపిడిని అధిగమించడానికే పోతున్నదనీ, అరిగిన భాగాలను తిరిగి తయారు చేయడానికి మరో 3 శాతం ఖర్చవుతున్నదనీ హోంబెర్గ్, ఎర్డెమిర్ అనే శాస్త్రజ్ఞులు 2017లో లెక్కగట్టారు.

అడిటివ్ అవసరం ఎప్పుడు?

షాఫ్టు మంచి వేగంతో తిరుగుతున్నప్పుడు దానికీ బుష్షుకూ మధ్య నూనె పొర నిలుస్తుంది. లోహం లోహాన్ని తాకదు. అప్పుడు పని చేసేది నూనె చిక్కదనమే. డ్రమ్ముపై కనిపించే 68, 220 వంటి గ్రేడు అంకెలు 40 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద ఆ చిక్కదనాన్ని తెలిపేవే. యంత్రం మొదలుపెట్టేటప్పుడు, ఆపేటప్పుడు, బరువు ఎక్కువై వేగం తగ్గినప్పుడు ఆ పొర పలచబడి లోహాలు ఒరుసుకుంటాయి. అడిటివ్‌ల అవసరం అక్కడే.

వీటిలో ముఖ్యమైనవి మూడు రకాలు. మొదటిది కొవ్వు పదార్థాలు. ఎడ్లబండి ఇరుసుకు ఆముదం పూయడంలోని కిటుకు ఇదే. ఆముదంలో వందకు 85 నుంచి 90 పాళ్లు ఉండే రిసినోలిక్ ఆమ్లం లోహాన్ని అంటిపెట్టుకొని జారుడు పొరను ఏర్పరుస్తుంది. 1914–18 యుద్ధంలో విమానాల రోటరీ ఇంజన్లలోనూ ఆముదమే పోశారు. అయితే వేడికి అది జిగురుకడుతుంది, పెట్రోలియం నూనెలో తేలికగా కలవదు.

రెండవది 1940 దశకంలో వాడుకలోకి వచ్చిన జింకు సమ్మేళనం, జడ్‌డిడిపి. ఒరుసుకున్నచోట ఇది మిల్లీమీటరులో సుమారు పదివేలవ వంతు మందాన గాజువంటి పొరను కడుతుంది. లోహానికి బదులు ఆ పొర అరుగుతుంది, మళ్లీ ఏర్పడుతుంది. మూడవది గేరు నూనెల్లో వాడే గంధకం, భాస్వరం సమ్మేళనాలు. అధిక ఒత్తిడిలో పళ్లు ఒకదానికొకటి అతుక్కొని చీరుకుపోకుండా ఇవి కాపాడతాయి.

సీసా కొనాలా?

గమనించవలసిన దేమంటే, మంచి కంపెనీ నూనెలో అవసరమైన అడిటివ్‌లు కొలత ప్రకారం ముందే కలిసి ఉంటాయి. వాటి ధర మిల్లుదారు నూనె కొన్నప్పుడే చెల్లిస్తున్నాడు. లోహం ఉపరితలంపై చోటు కోసం వేర్వేరు అడిటివ్‌లు పోటీపడతాయి కనుక, పైనుంచి ఒకటి అదనంగా పోస్తే మరొకదాని పని చెడవచ్చు. చురుకైన గంధకం ఉన్న నూనెను కంచు చక్రాలు గల వర్మ్ గేరుబాక్సులో పోస్తే వేడికి కంచును తినేస్తుంది. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1990 దశకంలో ఇంజన్ అడిటివ్‌లు అమ్మే కొన్ని కంపెనీలపై, ప్రకటనలకు తగిన రుజువులు లేవంటూ చర్యలు తీసుకున్నది.

ఊక దుమ్ము, ఇసుక, నీరు నూనెలో చేరితే ఏ అడిటివ్ కూడా యంత్రాన్ని కాపాడలేదు. అందుచేత యంత్రం తయారీదారు చెప్పిన గ్రేడునే వాడాలి. రెండు రకాల నూనెలు, గ్రీజులు కలపరాదు. డ్రమ్ముకు మూత, కొలపాత్రకు శుభ్రత ఉండాలి. గ్రీజు గన్ పెట్టేముందు నిపిల్ తుడవాలి. గడువుకు నూనె మార్చాలి. సీసాకు పెట్టే డబ్బు మంచి ఆయిల్ సీలుకు పెట్టడం మేలు.

ఆముదానికి గిరాకీ

ఇంజన్ల నుంచి తప్పుకున్నా ఆముదం యంత్రాలను పూర్తిగా వదలలేదు. ఆముదాన్ని హైడ్రోజన్‌తో గట్టిపరచి తీసే 12-హైడ్రాక్సీ స్టియరిక్ ఆమ్లమే లిథియం గ్రీజుకు ముఖ్యమైన ముడిసరుకు. ప్రపంచంలో అత్యధికంగా వాడే గ్రీజు ఇదే. ఆముదాల ఉత్పత్తిలో భారతదేశానిదే అగ్రస్థానం. పంటలో అధికభాగం గుజరాత్‌ది. తెలంగాణలో మహబూబ్‌నగర్, నల్గొండ ప్రాంతాల మెట్టభూముల్లోనూ ఇది పాతకాలం నుంచి ఉన్న పంటే. కనుక ఆముదాల ధర చూసే రైతులు, వర్తకులు వాన కబురుతో పాటు గ్రీజు తయారీదారుల కొనుగోళ్లపైనా ఒక కన్ను వేసి ఉంచడం మంచిది.